నెలలో నాలుగు ఆదివారాలు – నాలుగు మంచి సినిమాలు



సినిమా అంటే పాటలు, ఫైట్లు, హీరో కటౌట్లు అని చాలామంది అనుకుంటారు. కానీ మంచి సినిమా మంచి పుస్తకం లాంటిది. దాన్ని చూడడం కూడా నేర్చుకోవలసిన విద్యే. అందుకోసమే 1947లో సత్యజిత్ రే, ఆయన మిత్రులు కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. నలుగురూ కూర్చుని మంచి సినిమాలు చూడడం, చర్చించుకోవడం దాని పని. అలా చూసి నేర్చుకున్న రే 1955లో 'పథేర్ పాంచాలి' తీశారు. మన హాస్టల్లోనూ ఈ పని చేయవచ్చు. ఒక టీవీ, వార్డెన్ గారి అనుమతి, నెలలో నాలుగు ఆదివారాలు ఉంటే చాలు.

మొదటి ఆదివారం: మాయాబజార్ (1957)

మన జిల్లా బిడ్డ తీసిన సినిమాతో మొదలుపెడదాం. దర్శకుడు కె.వి. రెడ్డి 1912లో తాడిపత్రిలో పుట్టారు. పాతాళభైరవి (1951), పెద్దమనుషులు (1954) కూడా ఆయనవే. ఇది భారత కథే అయినా పంచపాండవులు తెర మీద ఎక్కడా కనిపించరు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో ఆ మాయలన్నీ ఎలా చేశారో గమనించండి.

రెండవ ఆదివారం: మాలపిల్ల (1938)

గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు, నాయిక కాంచనమాల. హరిజనుల ఆలయ ప్రవేశం ఇందులో ముఖ్య విషయం. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం అమలులోకి రావడానికి ఇంకా 12 ఏళ్లున్న కాలంలో ఇలాంటి సినిమా తీయడం సాహసమే. అయితే ఒక ప్రశ్న వేసుకోవాలి. తన ఇంటివారిని ఒక హరిజనుడు మంటల నుంచి కాపాడిన తరువాతే శాస్త్రి మనసు మారుతుంది. గుడిలోకి పోవడానికి ముందుగా ఒక మేలు చేసి చూపించాలా? మనిషిగా పుట్టినందుకే ఆ హక్కు లేదా? దీని మీద తప్పక చర్చ పెట్టండి.

మూడవ ఆదివారం: దో బీఘా జమీన్ (1953)

హిందీ సినిమా. దర్శకుడు బిమల్ రాయ్. మన జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపే. శెనక్కాయ పంట ఎండితే బెంగళూరుకు వలస పోవడం మనకు కొత్త కాదు. ఇందులో శంభు (బల్‌రాజ్ సాహ్ని) కూడా కరువులో అప్పు తీర్చలేక కలకత్తా పోయి రిక్షా లాగుతాడు. అతని లెక్కలో 65 రూపాయలైన అప్పు జమీందారు లెక్కలో 235 అవుతుంది. భూమి పోవడానికి కారణం కరువా, అప్పు లెక్కా, లెక్క తెలియని చదువులేనితనమా? ఆలోచించండి. హిందీ సారు గారిని పక్కన కూర్చోబెట్టుకుంటే మాటలు అర్థమవుతాయి.

నాలుగవ ఆదివారం: ద కిడ్ (1921)

చార్లీ చాప్లిన్ మూకీ చిత్రం. ఇంచుమించు గంటలో అయిపోతుంది. మాటలు లేవు కనుక చిన్న తరగతుల తమ్ముళ్లకూ అర్థమవుతుంది. దొరికిన పసివాణ్ణి ఒక పేదవాడు పెంచుకుంటాడు. అధికారులు వచ్చి ఆ పిల్లవాణ్ణి అనాథాశ్రమానికి తీసుకుపోబోతారు. చాప్లిన్ స్వయంగా బాల్యంలో లండన్ పేదల ఆశ్రమంలోనూ, నిరుపేద పిల్లల బడిలోనూ గడిపినవాడు. తల్లికి దూరమైన పిల్లవాడి బాధ ఆయనకు తెలుసు. అది మనకూ తెలుసు.

చూసే పద్ధతి

1. సినిమాకు ముందు ఒకరు లేచి దర్శకుని గురించి, ఆ కాలం గురించి అయిదు నిమిషాలు చెప్పాలి.
2. మధ్యలో ఆపరాదు. పాటలను ముందుకు జరపరాదు.
3. అయిపోయాక అరగంట చర్చ జరగాలి. చిన్నవాళ్లకు మొదటి అవకాశం ఇవ్వాలి.
4. ప్రతివారం ఒకరు అరపేజీ రాసి గోడపత్రికలో పెట్టాలి.

పాత సినిమాలు బోరు అనే మిత్రులను కూడా మొదటి ఆదివారం పిలవండి. ఘటోత్కచుడు పెళ్లి భోజనానికి కూర్చునే సరికి వాళ్లే ముందు వరుసలోకి వస్తారు.