పది మీటర్ల తోకగల కోడిపుంజు

మన పెరటి కోళ్లు ఏడాదికొకసారి ఈకలు రాల్చుట మనమందరము చూచినదే. అయితే ఏండ్ల తరబడి తోక ఈకలు రాల్చని కోడిపుంజు ఒకటి ఉన్నదంటే నమ్ముతారా?

జపాను దేశములో షికోకు అనే దీవి ఉన్నది. దాని దక్షిణ భాగమైన కోచి ప్రాంతమును పూర్వము తోస అనేవారు. అక్కడివారు తరతరాలుగా పెంచుతూ వచ్చిన జాతి పేరు ఒనగాదోరి. పొడవు తోక కోడి అని దాని అర్థము. ఈ పుంజు తోక ఏడాదికి సుమారు ఒక మీటరు పెరుగుతుంది. 10 మీటర్లు దాటిన తోకలు కూడా ఉన్నవి. పెట్టకు మాత్రము ఇంత తోక రాదు. జపాను ప్రభుత్వము 1952లో ఈ జాతిని ప్రత్యేక సహజ సంపదగా ప్రకటించింది.

ఇది ఎట్లు సాధ్యము? ఈక పెరిగేటప్పుడు దాని కాడలో రక్తము ప్రవహిస్తుంది. పెరుగుదల ముగియగానే రక్తము ఆగి, ఈక మన వెండ్రుకవలె నిర్జీవమవుతుంది. చిరిగితే మానదు. గనుక పగటి వేళ తగ్గే కాలములో క్రొత్త ఈక అడుగునుండి పుట్టి పాతదానిని నెట్టివేస్తుంది. ఒనగాదోరి పుంజు ఒంటిమీది ఈకలు మామూలుగానే రాలుతాయి గాని, తోకలోని కొన్ని ఈకలు రాలవు, పెరుగుట మానవు.

చూచువారికి అది అందమే. కాని ఆ అందమునకు పుంజు చెల్లించు వెల ఏమిటో ఆలోచించండి. ఒక ఈక విరిగితే ఏండ్ల పెరుగుదల పోయినట్లే. అందుచేత దానిని ఎత్తైన ఇరుకు పెట్టెలో, పైనున్న కర్రమీద నిలిపి ఉంచుతారు. మేత, నీళ్లు అక్కడికే అందిస్తారు. తోక క్రిందికి వ్రేలాడుతుంది. అప్పుడప్పుడు బయటికి తెచ్చి, తోక నేలకు తగులకుండ మనిషి పట్టుకొని నడిపిస్తాడు. చెత్త కుప్ప కెలికి పురుగు ఏరుకొనే భాగ్యము దానికి లేదు.

మన పెట్టకు ఆ బంధకము లేదు. పాత ఈక విడిచి, క్రొత్తది తొడుగుకొని, వాన చలికి సిద్ధపడుతుంది. తల, మెడ మొదలుకొని చివరకు తోక వరకు, రెండు మూడు నెలలలో ఈ పని ముగిస్తుంది. ఈక చాలామట్టుకు మాంసకృత్తులతోనే తయారవుతుంది గనుక ఆ రోజులలో గుడ్లు ఆగిపోతాయి.

ఇక్కడే మన కుటుంబాలలో నష్టము జరుగుతుంది. గుడ్లు మానింది, బోసిపోయింది, ఇక పనికిరాదని మంచి పెట్టను సగము ధరకు అమ్మివేస్తాము, లేదా కోసివేస్తాము. తొందరపడవద్దు. ఈకలు రాల్చే కోడి చురుకుగా తిరుగుతుంది, మేత తింటుంది. ముడుచుకొని కూర్చున్నా, పచ్చగా పారుకొన్నా, ఊపిరికి రొప్పినా అది రోగము. దానిని వేరుచేసి పశువైద్యునికి చూపించాలి. ఈక రాల్చేదానికైతే ఎండుచేపల పొడి, వేరుశనగ చెక్క, చెదపురుగులు కొంచెము ఎక్కువగా పెట్టండి. మొలిచే ఈకలలో రక్తముంటుంది గనుక పిల్లలను పట్టి లాగనియ్యకండి.

కొద్ది వారాలు ఓపిక పట్టినచో ఆ పెట్టే క్రొత్త ఈకలతో మరల గుడ్లు పెడుతుంది.