రాగము పేరు తెలిసింది, పాట ఏది?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఆయన పేరుకు ముందు మన ఊరి పేరు ఉన్నది గాని ఆయన మన ఊరిలో పుట్టినవాడు కాడు. పాడాడు, నటించాడు, త్యాగరాజు వేషము కట్టి ఆ చిత్రానికి దర్శకత్వము కూడా తానే వహించాడు. ఎవరాయన?

చిత్తూరు నాగయ్య అని పెద్దవారు ఇట్టే చెప్పేస్తారు. కాని ఆయన ఎక్కడ పుట్టాడని అడిగితే సగం మంది తడబడతారు. 1904లో కృష్ణా డెల్టాలోని రేపల్లెలో పుట్టాడు. చిత్తూరులో నాటకాలాడి పేరు తెచ్చుకున్నందువల్ల ఆ ఊరు ఆయనకు ఇంటిపేరులాగా అతుక్కుపోయింది. ఆ చిత్రము 1946లో వచ్చిన 'త్యాగయ్య'.

ఇంకొకటి. బెంగాలీలో పుట్టిన ఒక పాటకు మన మదనపల్లెలో ఇంగ్లీషు మాటలు వచ్చాయి, స్వరాలు కాగితము మీదికి ఎక్కాయి. ఏ పాట? 1919లో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె థియసాఫికల్ కళాశాలలో కొన్నాళ్లు ఉన్నారు. అప్పుడు ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతము చదివిన మనిషి. ఠాగూరు నోట 'జనగణమన' విని ఆమె స్వరాలు వ్రాసి పెట్టింది. 1950లో అదే మన జాతీయగీతమైంది. బడిలో రోజూ పాడే పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, వాళ్ల కళ్లు ఎంత పెద్దవవుతాయో!

ఇలాంటి పాటల పొడుపు కథలు విప్పడము మా ప్రాంతపు యౌవనస్థులలో కొందరికి మంచి సరదా. నలుగురు చేరితే చాలు, ఒకరు పొడుస్తారు, మిగిలినవారు విప్పుతారు. ఇది దేవునివారికి తగిన పనేనా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. నలభై తొమ్మిదవ కీర్తన తీసి చూడండి అన్నాను. అక్కడ కీర్తనకారుడు సితారా చేతపట్టుకొని గూఢమైన మాట విప్పబోతున్నాడు. సంసోను విప్పుడు కథ మాట వేరు. ముప్పది సన్నపు నారబట్టలు, ముప్పది దుస్తులు పందెము కాసిన ఆ కథను ఫిలిష్తీయులు బుద్ధితో విప్పలేదు, ఇంటి ఆడపిల్లను బెదిరించి విప్పించుకున్నారు. పందెము లేకుండా ఆడుకుంటే పేచీ లేదు.

అన్నిటిలోకి నాకు ఇష్టమైన చిక్కుముడి రాగాల పేర్లలో ఉన్నది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో చాలా కీర్తనల నెత్తిన శంకరాభరణము అని ఉంటుంది. సంగీత శాస్త్రములో మాత్రము దానిని ధీరశంకరాభరణము అంటారు. ఈ 'ధీర' ఎక్కడ నుండి వచ్చింది? శంకరాభరణము పిరికిదని ఎవరైనా అన్నారా?

కర్ణాటక సంగీతములో 72 మేళకర్త రాగాలు ఉన్నాయి. వాటి వరుస సంఖ్యను పూర్వులు పేరులోనే దాచిపెట్టారు. అక్షరాలకు అంకెలు ఇచ్చారు. క మొదలు ఝ వరకు 1 నుండి 9, ఞ సున్న. ట మొదలు ధ వరకు మళ్లీ 1 నుండి 9, న సున్న. ప, ఫ, బ, భ, మ అన్నవి 1 నుండి 5. య, ర, ల, వ, శ, ష, స, హ అన్నవి 1 నుండి 8. గుణింతాలను లెక్కలోకి తీసుకోరు, ధీ అయినా ధ క్రిందనే లెక్క. రాగము పేరులో మొదటి రెండు అక్షరాలకు అంకెలు వేసి, వాటిని తిప్పి చదవాలి. దీనిని కటపయాది అంటారు.

ఇప్పుడు వేసి చూడండి. ధ 9, ర 2. తిప్పితే 29. శంకరాభరణము ఇరవై తొమ్మిదవ మేళము. ఉత్త శంకరాభరణము అని వదిలేస్తే శ 5, క 1, తిప్పితే 15. అది వేరొక రాగము స్థానము. అందుకే 'ధీర' అతికించారు. కల్యాణి ముందు 'మేచ' ఎందుకో కూడా ఇలాగే తెలుస్తుంది. మ 5, చ 6, తిప్పితే 65. తోడి ముందు 'హనుమ' వచ్చి 8ని చూపుతుంది, కాంభోజి ముందు 'హరి' వచ్చి 28ని చూపుతుంది. ఎనిమిదవ తరగతి పిల్లవాడికి కూడా పది నిమిషాలలో పట్టుబడుతుంది. అయితే ఒకచోట అందరూ జారిపడతారు. రత్నాంగిలో 'త్న'కు క్రింది న లెక్క, కనుక 2. చక్రవాకములో 'క్ర'కు పైనున్న క లెక్క, కనుక 16. జతాక్షరము వచ్చినప్పుడు లెక్కలో గట్టివాడు తప్పుతాడు, సంగీతము తెలిసినవాడు నవ్వుతాడు.

అందుకే ఈ ఆట ఒంటరిగా సాగదు. మా దగ్గర ఒక పల్లెలో ఆదివారము సాయంత్రము చూచిన సంగతి చెబుతాను. యౌవనస్థులు పాత కీర్తన ఒకటి తీశారు. నెత్తిన రాగము, తాళము అచ్చయి ఉన్నాయి. కాలేజీ పిల్లవాడు కటపయాది వేసి సంఖ్య చెప్పాడు. హార్మోనియం వాయించే తమ్ముడు ఆరోహణ, అవరోహణ వినిపించాడు. స్వరాలన్నీ ఉన్నాయి, పాట మాత్రము రాలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున లాగి చూశారు. గోడవారగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ఒక అవ్వ, "అది కాదు నాయనా, మా అమ్మ ఇట్ల పాడేది" అని ఎత్తుకున్నది. అక్షరము ముక్క రాని మనిషి! రెండు చరణాలు అయ్యేసరికి హార్మోనియం ఆమె వెనకాల నడిచింది. మూడవ చరణము ఆమెకు గుర్తు రాలేదు, మాటలు పుస్తకములో చూచి పిల్లలే అందించారు.

రాగము పేరు ఆనవాలు మాత్రమే. ఒకే రాగములో వందల పాటలు ఉంటాయి, ఏ పాట నడక దానిదే. ఈ చిక్కు పెద్ద ఎత్తున వచ్చింది మన తిరుపతిలోనే. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగి రేకుల మీద చెక్కి తిరుమలలో ఒక చిన్న గదిలో భద్రపరచారు. వేల పాటలు. ఇరవయ్యవ శతాబ్దములో వేటూరి ప్రభాకరశాస్త్రిగారివంటి పండితులు ఆ రేకులు చదివి పరిష్కరించారు. రేకు మీద రాగము పేరు ఉన్నది, స్వరము లేదు. కొండమలహరి, ఆబాలి వంటి పేర్లు చదివి ఇదేమి రాగమని విద్వాంసులే ఆగిపోవలసి వచ్చింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) తిరుపతిలో కూర్చుని ఎన్నో పాటలకు స్వరాలు కట్టారు. గొప్ప పనే. కాని ఆ తాతల నోట అవి ఎలా పలికాయో రాగి రేకు చెప్పలేదు.

మన బైబిలులోనూ ఇంతే. ఇరవై రెండవ కీర్తన పైన 'అయ్యలెత్ షహరు' అను రాగము అని ఉన్నది. ఉదయపు లేడి అని దాని అర్థము. ఏబది ఏడవ కీర్తన పైన ఉన్న 'అల్ తష్హేతు'కు నాశనము చేయవద్దు అని అర్థము. ఇవి అప్పటి జనము ఎరిగిన పాటల వరుసలని చాలామంది పండితుల అభిప్రాయము. కీర్తనల గ్రంథములో 71 సార్లు కనబడే 'సెలా' గూర్చి ఇప్పటికీ ఏకాభిప్రాయము లేదు. విప్పగలిగినవారు పాడి పాడి కన్నుమూశారు, ఎవరూ వ్రాసి పెట్టలేదు.

మన ఇండ్లలోని అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. చేతిలో ఫోను ఉన్న ప్రతి పిల్లవాడి దగ్గర పాట పట్టుకొనే యంత్రము ఉన్నది. పుస్తకము విప్పి, మీ సంఘములో ఇప్పుడు ఎవరూ పాడని కీర్తనలకు గుర్తు పెట్టండి. ఒక్కొక్కటి పెద్దవారి ముందు పొడుపు కథగా పెట్టండి. 'పాడవ్వా' అంటే సిగ్గుపడి తప్పించుకుంటారు. తప్పుగా పాడి వినిపించండి, దిద్దకుండా ఉండలేరు. పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడిగి వ్రాసుకోండి.

ఇక పిల్లలకు ఒకటి. పైన శంకరాభరణము దారితప్పి వెళ్లిన 15వ స్థానము ఏ రాగానిది? సంగీతము నేర్చుకొనేవారికి మొదటి పాఠము దానిలోనే మొదలుపెడతారు. పేరులో మొదటి అక్షరము ప వరుసలోనిది, రెండవది య వరుసలోనిది. హార్మోనియం అన్నను అడగకుండా చెప్పాలి.