దివాలా తీసినవారికి మిగిలేదేమిటి? కిష్టారెడ్డిపేట నేపథ్యంలో ఆస్తి మినహాయింపుల పరిశీలన

తెలుగునాట ‘ఐ.పి. పెట్టడం’ అనే మాట దివాలాకు పర్యాయపదంగా స్థిరపడింది. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే న్యాయస్థాన పరిభాషే వాడుకలో అలా కుదించుకుపోయింది. దీన్ని అప్పులవాళ్లను తప్పించుకునే ఎత్తుగడగా భావించడం పరిపాటి. దివాలా తీసిన వ్యక్తికి చట్టం ఏమి మిగులుస్తుందన్న ప్రశ్న ఆ భావనలో మరుగునపడుతుంది.

సాధారణ వ్యక్తుల దివాలాకు నేటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. దాని 28వ సెక్షన్ మినహాయింపుల జాబితాను తానుగా ఇవ్వదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జప్తు చేయరాని ఆస్తి దివాలాదారుని ఆస్తిలో చేరదని మాత్రమే చెబుతుంది. లెక్కల పుస్తకాలకు ఈ రక్షణ లేదు. కోడ్‌లోని 60వ సెక్షన్ ప్రకారం అవసరమైన దుస్తులు, వంటపాత్రలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ విడువరాని ఆభరణాలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు జీవికకు అవసరమైన పశువులు, విత్తనాలు జప్తుకు అతీతం. భవిష్యనిధి, జీవితబీమా సొమ్ములకూ రక్షణ ఉంది. వీటిని వదులుకుంటానని రుణగ్రహీత ముందుగా రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు.

ఇంటి విషయానికి వస్తే చట్టం యజమాని వృత్తిని చూస్తుంది. రైతు, శ్రామికుడు, ఇంటి పనివారు తాము నివసించే సొంత ఇంటిని కాపాడుకోగలరు. సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువలో ఉన్న కిష్టారెడ్డిపేట వంటి చోట ఈ వర్గీకరణ చిక్కులు తెస్తుంది. స్వయంగా సాగుచేస్తూ ప్రధానంగా ఆ ఆదాయంపై బతికేవాడే కోడ్ దృష్టిలో రైతు. పొలం ప్లాట్లుగా అమ్మి, అద్దెలపై జీవించే వ్యక్తిని ఊరంతా రైతనే పిలిచినా ఆ నిర్వచనంలో ఇమడడు. మరోవైపు, నైపుణ్యం గల కార్మికుడు కూడా శ్రామికుడేనని 1976 సవరణ స్పష్టం చేసింది. ఫ్యాక్టరీ ఫిట్టరు ఇంటికి ఆ విధంగా రక్షణ కోరవచ్చు. అదే ఫ్యాక్టరీలోని అకౌంటెంటుకు ఆ దారి లేదు.

రాబడిలోనూ ఇదే తేడా. శ్రామికుని కూలికి పూర్తి మినహాయింపు ఉండగా, జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే జప్తుకు అందవు. నెలకు 25,000 రూపాయల జీతమైతే మనోవర్తి కాని డిక్రీ కింద 8,000 వరకు జప్తు చేయవచ్చు. ధరలు ఇంతగా మారినా ఆ మొదటి వెయ్యి మాత్రం కదలలేదు.

చిన్న పరిశ్రమ యజమాని పరిస్థితి వేరు. కంపెనీ రుణానికి వ్యక్తిగత హామీదారుగా సంతకం చేసినవారికి 2019 డిసెంబరు 1 నుంచి 2016 నాటి దివాలా స్మృతి వర్తిస్తోంది. ఇక్కడ కొలమానం వృత్తి కాదు, విలువ. తాకట్టులో లేని ఒకే ఒక నివాసగృహానికి గ్రామీణ ప్రాంతంలో పది లక్షలు, పట్టణ ప్రాంతంలో ఇరవై లక్షల రూపాయలు పరిమితి. 2024లో కిష్టారెడ్డిపేట పంచాయతీ అమీన్‌పూర్ పురపాలికలో కలిసింది కనుక అక్కడి ఇంటికి పట్టణ పరిమితిని కోరవచ్చు. అయితే ఆ శివారులో ఇరవై లక్షలకు లోబడిన సొంత ఇల్లు అరుదు. ఆభరణాల పరిమితి లక్ష రూపాయలు. 2025 చివరి ధరలకు అది తులం బంగారానికైనా చాలదు. పాత కోడ్‌లో మంగళసూత్రానికి ఇలాంటి విలువ పరిమితి ఏదీ లేకపోవడం గమనార్హం.

ఈ రెండు చట్టాల రక్షణా తాకట్టు దగ్గర ఆగిపోతుంది. బ్యాంకుకు కుదువపెట్టిన లేతు యంత్రం పనిముట్టే అయినా, గృహరుణంతో కొన్న ఇల్లు శ్రామికునిదే అయినా హామీగల రుణదాత హక్కు చెక్కుచెదరదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం సైతం జప్తు చేయరాని ఆస్తులను మినహాయిస్తూనే, ఆ రుణానికి ప్రత్యేకంగా హామీ పెట్టినవాటిని ఆ మినహాయింపు నుంచి తప్పించింది. సాగుభూమిపై హామీని మాత్రం తన పరిధికి బయట ఉంచింది. సొంత ఇంటికైనా, యంత్రానికైనా బ్యాంకు రుణమే ఆధారమైన కుటుంబం రక్షణను వదులుకునేది దివాలా నాడు కాదు, రుణపత్రంపై సంతకం చేసిన నాడే.