ఇంటి వెనుక మంచుగుట్ట



ఒలింపిక్స్ అనగానే మనకు పరుగు పందాలు, కుస్తీ, బ్యాడ్మింటన్ గుర్తొస్తాయి. నాలుగేళ్లకోసారి చలికాలపు ఒలింపిక్స్ కూడా జరుగుతాయి. వాటిలో ముఖ్యమైన ఆట స్కీయింగ్. రెండు కాళ్లకూ పొడవాటి సన్నని పలకలు బిగించుకుని, మంచు కప్పిన కొండవాలు మీద జారుతూ కిందికి రావడమే ఈ ఆట.

చూడటానికి సరదాగా ఉన్నా ఇది డబ్బున్నవాళ్ల ఆట. స్కీలు, బూట్లు, చలి దుస్తులు కొనుక్కోవాలి. కొండపైకి చేర్చే లిఫ్టుకు వేరే టికెట్టు. అమెరికాలోని పెద్ద రిసార్టుల్లో ఈ ఒక్కరోజు టికెట్టే 200 డాలర్లు దాటుతోంది. మరి పేద పిల్లవాడు ఈ ఆట ఎక్కడ నేర్చుకోవాలి? దీనికి ఒక కుటుంబం చెప్పిన జవాబే ఈ వ్యాసం.

అమెరికాలో వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం ఉంది. అక్కడి రిచ్‌మండ్ అనే ఊళ్లో 1961లో మిక్కీ కాక్రన్, జిన్నీ దంపతులు కొండవాలున్న ఒక పొలం కొన్నారు. మిక్కీ వృత్తిరీత్యా ఇంజనీరు. వాళ్లకు నలుగురు పిల్లలు: మెరిలిన్, బార్బరా ఆన్, బాబ్, లిండీ. పిల్లలు బడి నుంచి వచ్చాక రోజూ సాధన చేయాలంటే దూరంలోని పెద్ద కొండకు వెళ్లడం కుదరదు. అందుకని మిక్కీ ఇంటి వెనుకనే తాడు లిఫ్టు పెట్టాడు. బావిగిలక మీద చేదతాడు తిరిగినట్లే ఇక్కడ ఇంజను బలంతో తాడు ఆగకుండా తిరుగుతుంది. దాన్ని పట్టుకుంటే అదే పైకి లాక్కుపోతుంది. చీకటి పడినా ఆడుకోవడానికి దీపాలు కూడా పెట్టారు. ఊరి పిల్లలూ రావడం మొదలుపెట్టారు. జిన్నీ వాళ్లకు ఆట నేర్పేది.

ఇంత చిన్న గుట్ట మీద ఏం నేర్చుకుంటారు అని మనకు అనుమానం రావచ్చు. స్కీయింగ్‌లో స్లాలమ్ అనే పోటీ ఉంది. దగ్గర దగ్గరగా పాతిన కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగాలి. దీనికి కొండ ఎత్తు కన్నా మలుపు నేర్పు ముఖ్యం. గుట్ట చిన్నదైతే త్వరగా పైకి చేరవచ్చు, ఒక్క సాయంత్రంలోనే ఎన్నోసార్లు దిగవచ్చు. పెద్ద కొండ మీద లిఫ్టు కోసం వరుసలో నిలబడే సమయం ఇక్కడ సాధనకు దక్కుతుంది. పైగా పిల్లలంతా కన్నవాళ్ల కళ్లెదుటే ఉంటారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుతారు.

ఫలితం ఏమిటో చూడండి. నలుగురు పిల్లలూ అమెరికా జట్టుకు ఆడారు. 1972లో జపాన్‌లోని సప్పోరోలో జరిగిన ఒలింపిక్స్‌లో బార్బరా ఆన్ స్లాలమ్‌లో బంగారు పతకం గెలిచింది. రెండో స్థానానికీ ఆమెకూ తేడా సెకనులో నూరింట రెండు వంతులు మాత్రమే! కొండ దిగే స్కీయింగ్ పోటీల్లో అమెరికాకు 20 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారు పతకం అది. సరిగ్గా 50 ఏళ్లకు, 2022లో బీజింగ్‌లో, బార్బరా ఆన్ కొడుకు రయన్ వెండి పతకం గెలిచాడు. తల్లి నేర్చుకున్న గుట్ట మీదనే అతనూ నేర్చుకున్నాడు.

అయితే ఇలాంటి చిన్న గుట్టలు బతకడం కష్టమవుతోంది. చలికాలాలు వెచ్చబడి మంచు సరిగ్గా పడటం లేదు. అప్పుడు గడ్డకట్టే చలిలో నీటిని గాలితో కలిపి యంత్రంతో చిమ్మి మంచు తయారుచేయాలి. కరెంటు, లిఫ్టు మరమ్మతులు, బీమా ఖర్చులు పెరిగాయి. 1980ల మొదట్లో అమెరికాలో 700కు పైగా ఉన్న స్కీ కేంద్రాలు నేడు 500 లోపే మిగిలాయి. మూతపడినవాటిలో చాలావరకు చిన్నవే. రిచ్‌మండ్‌కు దగ్గరలోని స్టో అనే పేరున్న కేంద్రాన్ని 2017లో ఒక పెద్ద కంపెనీ కొనేసింది.

కాక్రన్ కుటుంబం మాత్రం తమ గుట్టను అమ్ముకోలేదు. 1998లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చింది. విరాళాలు, ఊరివాళ్ల శ్రమదానం దాన్ని నిలబెడుతున్నాయి. అక్కడ నేటికీ కుర్చీ లిఫ్టు లేదు. డబ్బు లేదన్న కారణంతో ఏ పిల్లవాడినీ వెనక్కి పంపకూడదన్నదే వాళ్ల నియమం.

ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. మన సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్లు ముందుగా తాడు పట్టుకుని నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీదనే కదా!

మిత్రులారా, పతకాలు వచ్చేది కొందరికే. కానీ ఆడే అవకాశం అందరికీ రావాలి. అందుకు కావలసింది పెద్ద స్టేడియం కాదు. దగ్గరలో ఒక చిన్న చోటు, అక్కడ ఓపికగా నేర్పే మనిషి. మన హాస్టల్ గ్రౌండులో నెట్టు కట్టి జూనియర్లకు ఆట నేర్పే సీనియర్లున్నారు. చదువు ముగించి వెళ్లిన అన్నలు, అక్కలు సెలవుల్లో వచ్చి ఒక్క సాయంత్రం గడిపినా చాలు, అదే మన కాక్రన్ గుట్ట అవుతుంది.