మనీ ప్లాంటు: అడిగి తెచ్చుకోవలసిన తీగ

పల్లెలో దడి మీద చిక్కుడు, పెరట్లో అరటి పెంచుకొన్న కుటుంబము పట్టణానికి వస్తే మొదట వెలితిగా తోచేది మట్టి. విశాఖపట్నంలోని ద్వారకా నగర్‌లో పిల్లల చదువుల కోసం, ఉద్యోగాల కోసం వచ్చి అద్దె ఇళ్లలో ఉంటున్న కుటుంబాలను మేము దర్శిస్తుంటాము. పెరడు లేని ఆ ఇళ్లలో కిటికీ దగ్గర ఒక సీసాలోనో, పాత డబ్బాలోనో మనీ ప్లాంటు తరచుగా కనిపిస్తుంది. పెంచుట బహు సులభమైన ఈ తీగ చుట్టూ కొన్ని అపోహలు కూడా అల్లుకొన్నాయి.

దొంగిలిస్తేనే పెరుగుతుందా?

ఈ మొక్కను ఇంకొకరి ఇంటి నుండి చెప్పకుండా తెంపుకొని వస్తేనే బాగా పెరుగుతుందని, ఇంటికి ధనము తెస్తుందని కొందరంటారు. ఇది మూఢనమ్మకము. దొంగిలించిన కొమ్మకైనా, అడిగి తెచ్చుకొన్న కొమ్మకైనా వేరు వచ్చేది కణుపు నుండే. పిల్లలు చూస్తుండగా పొరుగువారి కుండీలో కొమ్మ విరిస్తే, మొక్క కంటె ముందు వారి మనసులో నాటుకొనేది దొంగతనమే.

దీని పుట్టిల్లు దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా ద్వీపము. ఇది పూయడం బహు అరుదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ అనే హార్మోను దీనిలో సరిగా తయారు కాకపోవడమే కారణమని 2016లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. గింజ లేదు గనుక మన ఇళ్లలోని ప్రతి తీగా మరొక తీగ నుండి తుంచిన ముక్కే.

పెంచే విధము

కణుపు ఉన్న జానెడు కొమ్మను కణుపుకు కొంచెం దిగువన కోయండి. కణుపు మునిగేటట్లు నీటిలో ఉంచితే కొన్ని వారాలలో వేళ్లు వస్తాయి. కుండీలో నాటదలిస్తే ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన గెత్తము కలపండి. అడుగున నీరు పోయే రంధ్రము తప్పక ఉండాలి.

పైమట్టి ఒక అంగుళము లోతు ఎండిన తరువాతనే నీరు పోయండి. సముద్రపు తేమ గాలికి, వానాకాలంలో మరీ ముఖ్యంగా, మట్టి త్వరగా ఆరదు. రోజూ నీరు పోస్తే వేళ్లు కుళ్లి ఆకులు పసుపుబారతాయి. ఎండ నేరుగా పడితే ఆకు మాడుతుంది. మరీ చీకటైతే ఆకు మీది పసుపు చారలు తగ్గిపోతాయి. కిటికీ వెలుతురు చాలును. ఆకుల మీద పేరుకొనే ధూళిని తడిగుడ్డతో తుడవండి.

ఈ తీగ ఇంటి గాలిని శుద్ధి చేస్తుందని కూడా చెప్పుకొంటారు. 1989లో అమెరికాలోని నాసా సంస్థ చేసిన ప్రయోగము మూసివున్న పెట్టెలలో జరిగినది. ఇంటిలో అంత ఫలితము రావాలంటే ఒక్కొక్క చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలు, ఇంకా ఎక్కువే కావాలని 2019 నాటి సమీక్ష తేల్చింది. కనుక ఉబ్బసము గలవారు దీనిని నమ్ముకొని మందు మానరాదు.

తల్లులు గమనించవలసినవి

ఆకులోను కాడలోను సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పసిబిడ్డ నమిలితే నోరు మండి వాస్తుంది. మేకలకు, కుక్కలకు కూడా మంచిది కాదు. అందకుండా ఎత్తున వ్రేలాడదీయండి. నమిలిన బిడ్డకు నోరు కడిగించి, వాపు గాని ఆయాసము గాని కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.

సీసాలోని నీటిని వారమునకు ఒకసారి తప్పక మార్చి, సీసా లోపల రుద్ది కడగండి. నిలువ నీటిలో డెంగీ దోమ గ్రుడ్డు నుండి రెక్కల దోమ అగుటకు ఇంచుమించు వారము, పది రోజులు చాలును.

ఊరికి తీసుకొని వెళ్లేవారు దీనిని తోటలో వదిలివేయకండి. చెట్టెక్కిన తీగకు చేటలంత ఆకులు వచ్చి చెట్టును కమ్మివేస్తుంది.

తీగ పొడవైనప్పుడు కత్తిరిస్తే మొదలు గుబురవుతుంది. ఆ కత్తిరించిన ముక్కలను పారవేయకండి. ఈ మధ్యనే పల్లె నుండి వచ్చి మీ పక్క వాటాలో దిగిన కుటుంబానికి ఒకటి ఇవ్వండి. మీరు అడిగి తెచ్చుకొన్నదే గదా!