14 ఏళ్ళు నిండినా తలుపు దానంతట తెరుచుకోదు

హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడిందంటే ఊళ్ళో అందరూ వేసే లెక్క ఒకటే: 14 ఏళ్ళు. జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు కింద లెక్కేసి ఏడేళ్ళకే పంపేస్తారని నమ్మేవాళ్ళూ ఉన్నారు. చట్టంలో ఈ రెండు లెక్కలూ లేవు. యావజ్జీవమంటే ప్రాణం ఉన్నంతకాలమేనని గోపాల్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. ప్రభుత్వం శిక్ష తగ్గిస్తేనే విడుదల.

మరి 14 ఎక్కణ్ణుంచి వచ్చింది? 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చిన 433-ఏ సెక్షన్ నుంచి. మరణశిక్షకు అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడినవారిని కనీసం 14 ఏళ్ళు జైల్లో ఉంచాకే విడుదల చేయాలన్నది దాని సారాంశం. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 475వ సెక్షన్. 14 ఏళ్ళు నిండితే విడుదల కోసం పరిశీలించమని అడగొచ్చు, అంతవరకే.

పెరోల్ సంగతి వేరు. అది కొద్ది రోజుల సెలవు. తల్లి మంచాన పడినా, కూతురి పెళ్ళి కుదిరినా ఖైదీ అర్జీ పెట్టుకుంటాడు. అతను ఊరికొస్తే గొడవలు జరుగుతాయా, పూచీ ఎవరు అని స్థానిక పోలీసులను అడుగుతారు. గడువు తీరగానే తిరిగి వచ్చి లొంగిపోవాలి. దీర్ఘకాలం శిక్ష అనుభవిస్తున్నవారికి మంచి నడవడిక చూసి ఇచ్చే సెలవు ఫర్లో. దానికి పెళ్ళో చావో కారణంగా చూపనక్కర్లేదు. పెరోల్‌పై బయట గడిపిన రోజులను 14 ఏళ్ళ లెక్కలో కలపరాదని 2023 జనవరిలో గోవా ఖైదీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కలిపితే పలుకుబడి ఉన్నవాళ్ళు పదేపదే పెరోల్ తెచ్చుకుని, శిక్ష అనుభవించకుండానే అనుభవించినట్టు చూపించుకుంటారన్నది కోర్టు భయం. ఆ భయం న్యాయమైనదే.

ముందస్తు విడుదలకు దారులు రెండు. ఒకటి, చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం శిక్ష తగ్గించడం. రెండోది, రాజ్యాంగం 161వ అధికరణ కింద గవర్నర్, 72 కింద రాష్ట్రపతి ఇచ్చే క్షమాభిక్ష. ఖైదీ మళ్ళీ నేరం చేసే అవకాశముందా, ఇంకా లోపల ఉంచితే ప్రయోజనమేమిటి, కుటుంబం పరిస్థితి ఏమిటి అన్నవి చూడాలని సుప్రీంకోర్టు 2000లో సూచించింది. శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయమూ అడగాలి.

ఇవేవీ పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ చూసింది. హత్య కేసులో పదేళ్ళ శిక్ష పడిన ఒకరికి 2005లో గవర్నర్ పేరిట శిక్ష తగ్గించారు. అతను అధికార పార్టీకి మంచి కార్యకర్త అన్న మాట కూడా ఫైలులోకి ఎక్కింది. హతుడి కొడుకు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2006లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. క్షమాభిక్షకు కులం, మతం, రాజకీయ విధేయత కొలతలు కారాదని చెప్పింది. 2022 ఆగస్టు 15న గుజరాత్ వదిలిన బిల్కిస్ బానో కేసు దోషులు 11 మందినీ సుప్రీంకోర్టు 2024 జనవరిలో తిరిగి జైలుకు పంపింది. విచారణ మహారాష్ట్రలో జరిగింది కనుక నిర్ణయాధికారం గుజరాత్‌ది కాదని తేల్చింది.

పలుకుబడి ఉన్నవాడి ఫైలు ఇలా పరుగెడితే, లేనివాడి ఫైలు కదలనే కదలదు. అర్హత ఉందని తెలియని ఖైదీలున్నారు. దరఖాస్తు రాసిపెట్టే మనిషి లేనివాళ్ళున్నారు. పూచీ సంతకం చేసే బంధువు దొరకనివాళ్ళున్నారు. శిక్ష తగ్గించడం దయ అనుకుంటే వీళ్ళ వంతు ఎప్పటికీ రాదు. విడుదల ఎవరికీ హక్కు కాకపోయినా, తన కేసును న్యాయంగా పరిశీలించమని అడిగే హక్కు ప్రతి ఖైదీకీ ఉంది.

2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు అందుకే విలువైనవి. శిక్ష తగ్గింపు విధానమున్న రాష్ట్రాలు దరఖాస్తు కోసం ఎదురుచూడకూడదు, అర్హత రాగానే ప్రతి ఖైదీ పేరునూ పరిశీలించాలి. విధానం లేని రాష్ట్రాలు రెండు నెలల్లో రూపొందించుకోవాలని అప్పుడు గడువు పెట్టింది. ఖైదీ విడుదలకు కాదంటే ఎందుకు కాదో రాసి, ఆ ఉత్తర్వును ఖైదీకి అందించాలి. ప్రతిని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపాలి. విడుదలైనవారు పాటించలేని షరతులు పెట్టకూడదు. ఇచ్చిన తగ్గింపును రద్దు చేయాలంటే ముందు ఖైదీకి నోటీసు ఇచ్చి, అతని వాదన వినాలి.