నేల విలువ, ఇంటి ఆయుష్షు: రెడ్‌మండ్‌లో పాత ఇళ్ళ అమ్మకం, పునరుద్ధరణ

వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ ఆస్తిపన్ను నిర్ణయించేటప్పుడు ప్రతి ఇంటి విలువనూ రెండు పద్దులుగా రాస్తుంది: నేలకొకటి, దాని మీది కట్టడానికొకటి. ఈ వివరాలను ఎవరైనా చూడవచ్చు. రెడ్‌మండ్ నగరంలో అరవై ఏళ్ళ నాటి ఇళ్ళున్న వీథుల్లో ఈ పద్దులను పోల్చి చూస్తే, చాలాచోట్ల నేల విలువే పెద్ద సంఖ్యగా కనిపిస్తుంది. ఆ ఊళ్ళో పాత ఇళ్ళ కథంతా ఆ రెండు సంఖ్యల మధ్య నడుస్తుంది. అక్కడ ఇల్లు శిథిలమై కూలడం అరుదు. కింది నేల తనను మించి విలువైనదైనప్పుడు, గట్టిగా నిలబడి ఉన్న ఇల్లు కూడా కూలుతుంది.

పాతదంటే ఎంత పాతది?

రెడ్‌మండ్ 1912 చివరి రోజున నగరంగా నమోదైంది. అయినా అర్ధశతాబ్దం పాటు అది చిన్న ఊరుగానే మిగిలింది. 1960 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 1,426 మంది. 1963 ఆగస్టులో లేక్ వాషింగ్టన్ మీద రెండవ తేలే వంతెన తెరుచుకుని, సియాటిల్‌కు రాకపోకలు సులువయ్యాయి. 1970 నాటికి జనాభా 11 వేలు దాటింది. ఎడ్యుకేషన్ హిల్, గ్రాస్ లాన్, ఓవర్‌లేక్, ఐడిల్‌వుడ్ పరిసరాల్లో నేడు 'పాత ఇల్లు' అనిపించుకునే ఇళ్ళు చాలావరకు ఆ తరువాతి రెండు దశాబ్దాలలో కట్టినవే.

వీటిలో రెండు రకాలు ఎక్కువ. ఒకటి, మెట్లు లేకుండా ఒకే అంతస్తులో పొడుగ్గా సాగే 'రాంబ్లర్'. రెండవది, తలుపు తీయగానే సగం మెట్లు పైకి, సగం మెట్లు కిందికి పోయే 'స్ప్లిట్ లెవెల్'. రెండిటికీ డగ్లస్ ఫర్ కలపే అస్థిపంజరం. నేలకూ గచ్చుకూ మధ్య మనిషి పాకుతూ వెళ్ళగలిగేంత ఖాళీ, చుట్టూ విశాలమైన స్థలం, పెరట్లో ఎత్తైన దేవదారు జాతి చెట్లు సాధారణం. ఆనాడు చవకగా ఉన్నది నేల కాబట్టి ధారాళంగా వదిలారు. 1986లో మైక్రోసాఫ్ట్ తన కేంద్రాన్ని రెడ్‌మండ్‌కు మార్చాక ఆ లెక్క తలకిందులవడం మొదలైంది.

ఎవరు కొనగలిగారు?

ఆ ఇళ్ళు లేచిన కాలానికి మరొక ప్రాముఖ్యం ఉంది. పౌరసత్వం పొందే ఉద్దేశాన్ని ప్రకటించని విదేశీయులు భూమిని సొంతం చేసుకోరాదని 1889 నాటి వాషింగ్టన్ రాజ్యాంగం నిషేధించింది. 1921 చట్టం ఆ నిషేధాన్ని కౌలుకు కూడా విస్తరించింది. దాని దెబ్బ ప్రధానంగా జపనీయ రైతుల మీద పడింది. భగత్ సింగ్ థిండ్ కేసులో 1923లో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పడంతో వారూ అదే గీతకు అవతల పడ్డారు. భారతీయులకు పౌరసత్వపు దారి 1946లో తెరుచుకుంది. విదేశీయుల భూమి హక్కు మీది నిషేధాన్ని వాషింగ్టన్ ఓటర్లు 1966లో తొలగించారు. ఇళ్ళ అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించిన కేంద్ర చట్టం 1968లో వచ్చింది.

తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్న తెలుగు ఇంజనీరు నేడు ఎడ్యుకేషన్ హిల్‌లో తన పేరిట ఇల్లు రిజిస్టరు చేయించుకుంటున్నాడంటే, ఆ ఇంటికి పునాది తవ్విన రోజుల్లోనే ఈ అడ్డుగోడలు కూలినందువల్ల. ఇల్లూ, దాన్ని కొనే హక్కూ దాదాపు ఒకే వయసువి.

ఎందుకు అమ్మరు, ఎప్పుడు అమ్ముతారు?

తొలి యజమానులు పలువురు దశాబ్దాల పాటు ఇల్లు వదలకపోవడానికి మమకారం ఒక్కటే కారణం కాదు. 1997 నాటి కేంద్ర చట్టం ప్రకారం, అమ్మకానికి ముందు ఐదేళ్ళలో కనీసం రెండేళ్ళు కాపురమున్న ఇంటి మీద వచ్చే లాభంలో ఒంటరి వ్యక్తికి 2,50,000, దంపతులకు 5,00,000 డాలర్ల వరకు పన్ను లేదు. ధరలు ఎంత పెరిగినా ఈ పరిమితి పెరగలేదు. ఎప్పుడో కొద్ది వేల డాలర్లకు కొన్న ఇల్లు ఇప్పుడు పది లక్షలు దాటితే, మిగతా లాభం మీద పన్ను కట్టాలి. యజమాని మరణిస్తే మాత్రం వారసుల లెక్కలో ఇంటి కొనుగోలు ధర ఆనాటి మార్కెట్ ధరకు మారిపోతుంది. వాషింగ్టన్‌లో భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి ఆస్తి. అందుచేత ఒకరు పోయినప్పుడే రెండు సగాలకూ ఈ మార్పు వర్తిస్తుంది. అంటే, బతికుండగా అమ్మకుండా ఆగమని చట్టమే మెల్లగా చెబుతుంది. పాత ఇళ్ళు తరచు ఒక మరణం తరువాతనే అంగడికి రావడంలో దీని పాత్ర ఉంది.

మధ్యతరం వారిని ఆపినది వడ్డీ రేటు. ముప్ఫై ఏళ్ళ గృహరుణం సగటు రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగి, 2023 అక్టోబరులో 7.79 శాతానికి ఎగసింది. చవక రుణం చేతిలో ఉన్నవారికి పెద్ద ఇంటికి మారడం కంటే ఉన్న ఇంటినే సరిచేసుకోవడం లాభమైంది.

తెలుగు కుటుంబాలలో అమ్మకానికి మరొక కారణం కూడా కనిపిస్తుంది. హెచ్-1బి వీసా మీద ఉన్న ఉద్యోగికి కొలువు పోతే, మరో దారి చూసుకోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూనే కొన్న ఇంటిని ఆ గడువులో తీరికగా అమ్ముకోవడం కష్టం. కొందరు అద్దెకిచ్చి భారతదేశం వెళ్ళిపోతారు. వారు తరువాత ప్రవాస స్థితిలో ఉండి అమ్మితే, విదేశీ విక్రేతలకు వర్తించే నియమం ప్రకారం కొనుగోలుదారు అమ్మకపు ధరలో 15 శాతాన్ని పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఈ 15 శాతం లాభం మీద కాదు, మొత్తం ధర మీద. అసలు పన్ను అంతకంటే తక్కువైతే మిగిలినది తరువాత తిరిగి వస్తుంది గాని, చేతికందే రోజున ఆ సొమ్ము ఉండదు.

గోడల లోపల ఏముంది?

ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారో తెలిస్తే దాని రోగాలను చాలావరకు ముందే ఊహించవచ్చు. సుమారు 1965 నుండి 1973 వరకు రాగి ధర పెరిగినందున కొన్ని ఇళ్ళలో అల్యూమినియం తీగలు వాడారు. వేడికి వ్యాకోచించి, చల్లబడి సంకోచించి, అతుకుల దగ్గర వదులైతే అవి నిప్పుకు దారితీస్తాయి. అతుకులన్నిటి దగ్గర రాగి ముక్కలు జోడించడమో, తీగలన్నీ మార్చడమో దీనికి మందు. 1978కి ముందరి ఇంట్లో సీసపు రంగు ఉండే అవకాశం ఉంది. ఆ సంగతి అమ్మేవారు చెప్పి తీరాలి. పరీక్ష చేయించుకోవడానికి కొనేవారికి పది రోజుల వ్యవధి ఇవ్వాలి. 1978 నుండి 1995 వరకు వాడిన పాలీబ్యూటిలిన్ నీటి గొట్టాలు క్లోరిన్ తగిలి పెళుసుబారి హఠాత్తుగా పగులుతాయి. పేలాలు చల్లినట్టుండే పైకప్పు పూతలో, పాత గచ్చు పలకల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అందుకే ఆ ప్రాంతంలో కూల్చడానికైనా, అటువంటి పదార్థాలను కదిలించే మరమ్మతుకైనా ముందు ఆస్బెస్టాస్ సర్వే చేయించడం తప్పనిసరి.

గచ్చు కింది ఖాళీ కూడా చూడవలసిన చోటే. నెలల తరబడి వాన కురిసే ఆ ప్రాంతంలో తేమ, ఎలుకలు, కుళ్ళిన దూలాలు బయటపడేది అక్కడే. 2001 ఫిబ్రవరి 28న 6.8 తీవ్రతతో వచ్చిన నిస్క్వాలీ భూకంపం ఇటుక పొగగొట్టాల బలహీనతను బయటపెట్టింది. కలప చట్రం పునాదికి బోల్టులతో బిగించి ఉన్నదా అన్నది ప్రతి పాత ఇంటినీ అడగవలసిన ప్రశ్న.

తెలుగు వంటిల్లు ఈ జాబితాకు ఇంకొక పద్దు కలుపుతుంది. అక్కడి పాత పొయ్యిల మీది ఫ్యాన్లు కొన్ని పొగను బయటికి పంపవు, వడకట్టి మళ్ళీ గదిలోకే వదులుతాయి. రోజూ తాలింపు పెట్టే ఇంటికి అది చాలదు. బలమైన ఫ్యాన్ పెట్టి గొట్టాన్ని బయటికి తీయాలి. అయితే అది నిమిషానికి 400 ఘనపు అడుగులకు మించి గాలిని లాగితే, అంత గాలీ బయటి నుండి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా నిర్మాణ నియమావళి కోరుతుంది. వంటింటికీ ముందు గదికీ మధ్య గోడ తీసేయాలన్న కోరికా సాధారణమే. అది బరువు మోసే గోడ అయితే ఇంజనీరు లెక్క, నగరపు అనుమతి, కొత్త దూలం కావాలి. అనుమతి లేకుండా తీసిన గోడ, అమ్మకం రోజున జవాబు చెప్పవలసిన ప్రశ్నగా తిరిగి వస్తుంది.

మూడు దారులు

అమ్మదలచిన వారికి మూడు దారులున్నాయి. ఉన్నది ఉన్నట్టు అమ్మడం, పైపైన మెరుగు పెట్టి అమ్మడం, లోపలి నుండి బాగుచేసి అమ్మడం.

ఏ దారిలోనైనా రాష్ట్రానికి అమ్మకపు పన్ను కట్టాలి. 2023 నుండి అమలైన శ్లాబుల ప్రకారం 5,25,000 డాలర్ల వరకు 1.1 శాతం, ఆపైన 15,25,000 వరకు 1.28 శాతం, దానిపైన 30,25,000 వరకు 2.75 శాతం, అంతకు మించితే 3 శాతం. నగరం వాటా మరొక అర శాతం. 15 లక్షల డాలర్లకు అమ్మిన ఇంటి మీద ఇది మొత్తం 25,755 డాలర్లవుతుంది.

అమ్మేవారు తమకు తెలిసిన లోపాలన్నిటినీ 'ఫారం 17' అనే వెల్లడి పత్రంలో రాసివ్వాలి. అది అందాక మూడు పనిదినాలలోగా కొనేవారు వెనక్కి తగ్గవచ్చు. కాని మరణించినవారి ఎస్టేట్ ప్రతినిధి అమ్మే ఇంటికి ఈ పత్రం అవసరం లేదు. మరణానంతరం అంగడికి వచ్చే ఇళ్ళ చరిత్ర, అవి తెలిసిన మనిషితోనే పోతుంది. పోటీ ఎక్కువైనప్పుడు తనిఖీ షరతు కూడా వదులుకునే కొనుగోలుదారులు ఈ మౌనానికే వెల కడుతున్నారు.

పైపై మెరుగు మీద కూడా చట్టం ఒక కన్నేసింది. కొని, బాగుచేసి, అందులో ఏడాదైనా ఉండకుండా అమ్మేవారిని వాషింగ్టన్ చట్టం కాంట్రాక్టరుగానే పరిగణించి, నమోదు చేసుకోమంటుంది. కాంట్రాక్టరు తన కింది పనివారికి డబ్బు చెల్లించకపోతే, పని ముగిసిన 90 రోజులలోగా వారు ఆ ఇంటి మీదనే హక్కు నమోదు చేయవచ్చు. డబ్బు పూర్తిగా ఇచ్చిన యజమాని కూడా మళ్ళీ ఇవ్వవలసి రావచ్చు. రసీదులు, అనుమతి పత్రాలు, పనివారి హక్కు విడుదల పత్రాలు ఇంటిలో భాగమేనని పాతకాపులు అనడం ఇందుకే. ఇంటి విలువ పెంచే పనుల ఖర్చును కొనుగోలు ధరకు కలుపుకుని పన్ను తగ్గించుకోవడానికీ ఆ రసీదులే ఆధారం. మామూలు మరమ్మతుల ఖర్చు ఆ లెక్కలోకి రాదు.

ఒక ఇంటి చోట నాలుగు

హైదరాబాదులో, విజయవాడలో పాత ఇంటి యజమాని స్థలాన్ని 'డెవలప్‌మెంట్'కు ఇచ్చి, లేచిన అపార్ట్‌మెంట్లలో వాటా తీసుకుంటాడు. ఇల్లు పోయినా మనిషి ఆ చోటే ఉంటాడు. రెడ్‌మండ్‌లో సాధారణంగా బిల్డరు మొత్తం కొనేస్తాడు, అమ్మినవారు వీథి విడిచి వెళ్ళిపోతారు.

2023లో వాషింగ్టన్ శాసనసభ చేసిన చట్టం, 75 వేలు, అంతకు పైబడి జనాభా ఉన్న నగరాలు ప్రతి నివాస స్థలంలో కనీసం నాలుగు ఇళ్ళను, ప్రధాన రవాణా స్టేషన్లకు పావు మైలు నడక దూరంలో ఆరింటిని అనుమతించాలన్నది. రెడ్‌మండ్ 2024 నవంబరులో ఆమోదించిన 'రెడ్‌మండ్ 2050' ప్రణాళిక కూడా ఇళ్ళ సంఖ్య పెంచే దిశలోనే సాగింది. 2024 ఏప్రిల్‌లో ఓవర్‌లేక్ ప్రాంతానికి, 2025 మే నెలలో నగర కేంద్రానికి లైట్ రైలు వచ్చింది. ఇళ్ళ కొరతకు ఇది అవసరమైన మందే. ఒక్క కుటుంబం ఉన్న చోట నలుగురికి నీడ దొరకడం చిన్న విషయం కాదు. కాని అదే నియమం నేల పద్దును మరింత పెంచుతుంది. కట్టడపు పద్దు మునుపటికంటే చిన్నదై కనిపిస్తుంది.

ఇక్కడే పునరుద్ధరణకు అసలు అర్థం తేలుతుంది. రాంబ్లర్‌లో ముసలివారు మెట్లెక్కనక్కర లేదు. దేశం నుండి వచ్చి ఆరు నెలలుండే తల్లిదండ్రులకు అంతకంటే అనువైన ఇల్లు దొరకడం కష్టం. 2023లోనే వచ్చిన మరొక చట్టం ఒక స్థలంలో రెండు అనుబంధ గృహాలకు వీలిచ్చింది. పాత ఇంటిని ఉంచి, పెరట్లో చిన్న ఇల్లు కట్టుకుంటే నేలకూ తగిన ప్రతిఫలం దక్కుతుంది, కట్టడమూ నిలుస్తుంది. తీగలు మార్చి, గచ్చు కింది తేమ ఆపి, చట్రాన్ని పునాదికి బిగించి, ఆ పనులన్నిటి పత్రాలూ తరువాతివారికి అందించిన యజమాని కౌంటీ లెక్కలో రెండవ పద్దును బతికించినవాడవుతాడు. నేల విలువను ఊరు పెంచుతుంది. ఇంటి విలువను నిలిపేది మాత్రం అందులో ఉన్నవారే.